గీజరా.. హీటర్ రాడ్డా? అనంతపురం బోరు నీళ్లకు ఏది మేలు? కరెంట్ బిల్లు లెక్క ఇదీ!

చలికాలం వచ్చిందంటే చాలు.. తెల్లారుజామున ట్యాంక్ నీళ్లు చేతికి తగలగానే జిల్లుమంటాయి. ఒకప్పుడు అనంతపురం పల్లెల్లో పెరట్లో పొయ్యి పెట్టి, కాగులో నీళ్లు పోసి, కంది కట్టె, శెనక్కాయ పొట్టు వేసి కాచుకునేవాళ్లు. ఇప్పుడు ఆ పని స్విచ్ చేస్తోంది. కొందరి ఇంట్లో హీటర్ రాడ్, కొందరి ఇంట్లో గీజర్.

మరి ఏది కొనాలి? ఏది వాడితే కరెంట్ బిల్లు తగ్గుతుంది? చాలామంది వాట్లు చూసి, "ఇది 3 వేల వాట్లు.. బిల్లు మోత మోగిపోతుంది" అని వెనక్కి తగ్గుతారు. "రాడ్ 1,500 వాట్లే కదా" అని దాన్నే కొనేస్తారు. కానీ అసలు లెక్క వాట్లలో లేదు. ఎన్ని నీళ్లు వేడి చేస్తున్నారు, వేడెక్కాక అవి ఎంతసేపు అలాగే ఉంటున్నాయి, ఎన్ని వృథా అవుతున్నాయి.. బిల్లును తేల్చేవి ఇవే. అనంతపురం లాంటి కరువు సీమలో దీనికి ఇంకో రెండు విషయాలు కలుస్తాయి. ఒకటి బోరు నీళ్లలోని ఉప్పు, రెండోది ఎండిపోయిన నేలలో ఎర్తింగ్. ఒక్కొక్కటిగా చూద్దాం.

ఒక్క బకెట్‌కు ఎంత కరెంట్?

ఈ ఒక్క సూత్రం గుర్తుంచుకుంటే చాలు. ఒక యూనిట్ కరెంట్‌తో 860 లీటర్ల నీళ్లను ఒక్క డిగ్రీ వేడి చేయొచ్చు. రాడ్ అయినా, గీజర్ అయినా, కెటిల్ అయినా ఇదే లెక్క.

స్నానానికి ఒక బకెట్, అంటే 20 లీటర్లు కావాలనుకుందాం. ట్యాంక్ నీళ్లు 22 డిగ్రీల దగ్గర ఉన్నాయి. ఒంటికి హాయిగా ఉండాలంటే 40 డిగ్రీలు చాలు. పెంచాల్సింది 18 డిగ్రీలు. 20 లీటర్లను 18తో గుణించి 860తో భాగిస్తే.. సుమారు 0.42 యూనిట్. అంటే అర యూనిట్ కూడా కాదు.

ఇదే బకెట్‌ను 1,500 వాట్ల రాడ్ సుమారు 17 నిమిషాల్లో వేడి చేస్తుంది. 3 వేల వాట్ల ఇన్‌స్టంట్ గీజర్‌కు ఎనిమిదిన్నర నిమిషాలు చాలు. టైమ్ సగమైంది కానీ యూనిట్లు మారలేదు. ఎక్కువ వాట్లు అంటే ఎక్కువ బిల్లు అనుకోవడం అందుకే పొరపాటు.

పల్లెల్లో లో వోల్టేజ్ సంగతీ ఇంతే. వోల్టేజ్ 230 నుంచి 180కి పడిపోతే 1,500 వాట్ల రాడ్ దాదాపు 920 వాట్లే లాగుతుంది. 17 నిమిషాల పని 28 నిమిషాల దాకా సాగుతుంది. విసుగొస్తుంది గానీ బిల్లు పెరగదు.

నెలకు ఎంత అవుతుంది?

నలుగురున్న ఇల్లు, రోజుకు నాలుగు బకెట్లు. నెలకు సుమారు 50 యూనిట్లు. దీనికి ఎంత కట్టాలన్నది మీ ఇల్లు ఇప్పటికే ఎన్ని యూనిట్లు వాడుతోందో దాన్ని బట్టి ఉంటుంది. ఎందుకంటే వేడినీళ్ల యూనిట్లు మీ వాడకంపై అదనంగా చేరి, పై శ్లాబులోకి వెళ్తాయి.

ఆంధ్రప్రదేశ్‌లో ఇళ్ల కనెక్షన్లకు 2022లో అమల్లోకి వచ్చిన శ్లాబులు ఇవీ:

- 0 నుంచి 30 యూనిట్ల వరకు: యూనిట్‌కు రూ.1.90
- 31 నుంచి 75 వరకు: రూ.3.00
- 76 నుంచి 125 వరకు: రూ.4.50
- 126 నుంచి 225 వరకు: రూ.6.00
- 226 నుంచి 400 వరకు: రూ.8.75
- 400 దాటితే: రూ.9.75

ఇప్పుడు లెక్క చూడండి. నెలకు 110 యూనిట్లు వాడే ఇంట్లో వేడినీళ్లకు 50 యూనిట్లు కలిస్తే.. మొదటి 15 యూనిట్లు రూ.4.50 చొప్పున, మిగతా 35 యూనిట్లు రూ.6 చొప్పున పడతాయి. మొత్తం సుమారు రూ.278. అదే 200 యూనిట్లు వాడే ఇంట్లో అయితే 25 యూనిట్లు రూ.6, మరో 25 యూనిట్లు రూ.8.75 చొప్పున.. సుమారు రూ.369. ఒకే నీళ్లు, ఒకే వేడి, కానీ ఖర్చులో 90 రూపాయల తేడా! ఫిక్స్‌డ్ ఛార్జీలు, సర్దుబాటు ఛార్జీలు వీటికి అదనం.

బోరు నీళ్లే సగం పొయ్యి!

అనంతపురం జనానికి తెలిసిన విషయమే.. డిసెంబర్‌లో కూడా లోతు బోరు నుంచి అప్పుడే వచ్చిన నీళ్లు గోరువెచ్చగా ఉంటాయి. భూమి లోపలి నీళ్ల ఉష్ణోగ్రత ఆ ప్రాంతపు ఏడాది సగటు ఉష్ణోగ్రతకు దగ్గరగా ఉంటుంది. ఇక్కడ అది 27 డిగ్రీల చుట్టుపక్కల. ఆ నీళ్లే మేడ మీది ట్యాంకులో రాత్రంతా చలికి ఉంటే చల్లబడిపోతాయి.

27 డిగ్రీల నీళ్లను 40కి తేవాలంటే పెంచాల్సింది 13 డిగ్రీలే. బకెట్‌కు 0.42 బదులు 0.30 యూనిట్ చాలు. అంటే నాలుగో వంతుకు పైగా ఆదా. సొంత బోరు ఉన్నవాళ్లు ఉదయం మోటార్ వేసినప్పుడే స్నానాల బకెట్లు నేరుగా నింపుకుంటే పైసా ఖర్చు లేకుండా బిల్లు తగ్గుతుంది. బోరు లేనివాళ్లు మరో పని చేయొచ్చు. ముందు రోజు మధ్యాహ్నం ఎండలో మూత పెట్టిన నల్ల డ్రమ్ములో నీళ్లు నింపి, సాయంత్రం స్నానానికి వాడుకుంటే గీజర్ అవసరమే రాదు. ఇక్కడ చలికాలంలోనూ మధ్యాహ్నం ఎండకు లోటుండదు.

1. హీటర్ రాడ్: చౌక, కానీ జాగ్రత్త తప్పితే ప్రాణం మీదికే

కొన్ని వందల రూపాయల్లో వచ్చేస్తుంది. ఎన్ని నీళ్లు కావాలో అన్నే వేడి చేస్తుంది. పైపుల్లో వృథా లేదు. కరెంట్ లెక్కలో గీజర్‌కు ఏమాత్రం తీసిపోదు. నీళ్లు కొని వాడుకునే ఇంటికి, అద్దె గదిలో ఉండే స్టూడెంట్‌కు అందుకే ఇది నచ్చుతుంది.

సమస్యల్లా భద్రతే. రాడ్ బకెట్‌లో ఉండగానే నీళ్లు వేడెక్కాయా అని చేయి పెట్టి, షాక్ కొట్టి చనిపోయారన్న వార్తలు ప్రతి చలికాలం వస్తూనే ఉంటాయి. రాడ్ పై తొడుగుకు చిన్న పగులు వచ్చినా చాలు, నీళ్లలోకి కరెంట్ వచ్చేస్తుంది. అది కంటికి కనిపించదు.

రాడ్ వాడేవాళ్లు ఈ వరస తప్పకూడదు:

- ముందు బకెట్ నింపాలి, రాడ్ పెట్టాలి, ఆ తర్వాతే ప్లగ్ పెట్టి స్విచ్ వేయాలి.
- తీసేటప్పుడు ముందు స్విచ్ ఆపాలి, తర్వాత ప్లగ్ పీకేయాలి, ఆ తర్వాతే నీళ్లు ముట్టుకోవాలి. స్విచ్ ఆపితే సరిపోదు. వైరింగ్ తిరగబడి ఉంటే స్విచ్ ఆపినా రాడ్‌లో కరెంట్ ఉంటుంది.
- ఇనుప, స్టీల్, అల్యూమినియం బకెట్లు వద్దు. ప్లాస్టిక్ బకెట్ అయితే రాడ్ అంచులకు, అడుగుకు తగలకుండా చూడాలి.
- బాత్రూమ్‌లో తడి నేల మీద కాకుండా, పిల్లలు రాని పొడి చోట పెట్టాలి.
- రాడ్ మీద ఉన్న నీటి గీత కంటే నీళ్లు తగ్గకూడదు. నీళ్లు లేకుండా ఒక్క నిమిషం వేసినా కాలిపోతుంది.
- ఐఎస్‌ఐ మార్క్, మూడు పిన్నుల ప్లగ్ లేని రాడ్ కొనొద్దు.

ఇంకో విషయం. 1,500 వాట్ల రాడ్ ఆరున్నర ఆంపియర్ల కరెంట్ లాగుతుంది. ఫ్యాన్, టీవీ పెట్టుకునే చిన్న సాకెట్ సామర్థ్యం 6 ఆంపియర్లే. అందులో రోజూ రాడ్ పెడితే సాకెట్ వేడెక్కి కరిగిపోతుంది. పెద్ద పిన్నుల 16 ఆంపియర్ల సాకెట్ తప్పనిసరి. ఎక్స్‌టెన్షన్ బాక్స్ అసలే వద్దు.

2. ఇన్‌స్టంట్ గీజర్: వెంటనే వేడి, కానీ వైరింగ్ గట్టిగా ఉండాలి

1 లీటర్, 3 లీటర్ల సైజుల్లో, ఎక్కువగా 3 వేల వాట్లతో వస్తాయి. నీళ్లు నిల్వ ఉండవు కాబట్టి చల్లారిపోయే వృథా దాదాపు ఉండదు. నిమిషానికి సుమారు రెండున్నర లీటర్ల గోరువెచ్చని నీళ్లు ఇస్తుంది. షవర్‌కు ఇది చాలదు. బకెట్ స్నానానికి, వంటింటి సింక్‌కు బాగుంటుంది.

3 వేల వాట్లంటే 13 ఆంపియర్లు. పాత ఇళ్లలోని సన్న వైర్లు దీన్ని తట్టుకోలేవు. మీటర్ నుంచి గీజర్‌కు విడిగా మందపాటి రాగి వైరు, విడి ఎంసీబీ వేయించుకోవాలి. మీ కనెక్షన్ ఒక కిలోవాట్ లోడ్‌కే ఉంటే, అదనపు లోడ్‌కు కరెంట్ ఆఫీసులో దరఖాస్తు చేసుకోవాలి.

కుళాయికే బిగించే ప్లాస్టిక్ హీటర్లు ఇప్పుడు ఆన్‌లైన్‌లో బాగా అమ్ముడవుతున్నాయి. ఇవీ దాదాపు 3 వేల వాట్లే. తడి చేయి తగిలే చోటే కరెంట్ ఉంటుంది. లోపల ఇరుకు జాగాలో ఉప్పు త్వరగా పేరుకుంటుంది. ఎర్తింగ్ మీద నమ్మకం లేని ఇంట్లో వీటి జోలికి పోకపోవడమే మంచిది.

3. స్టోరేజ్ గీజర్: సౌకర్యం ఎక్కువ, మరిచిపోతే వృథా

10, 15, 25 లీటర్ల సైజులు. ఎక్కువగా 2 వేల వాట్లు. 15 లీటర్ల గీజర్ నీళ్లను 22 నుంచి 60 డిగ్రీలకు తేవడానికి సుమారు 20 నిమిషాలు, 0.66 యూనిట్ పడుతుంది. ఆ నీళ్లకు చన్నీళ్లు కలిపితే 40 డిగ్రీల నీళ్లు 32 లీటర్ల దాకా వస్తాయి. అంటే ఒకటిన్నర బకెట్.

బకెట్ స్నానాలు చేసే నలుగురి ఇంటికి 10 లేదా 15 లీటర్లు చాలు. 25 లీటర్లది కొంటే రోజూ వాడని నీళ్లను కూడా వేడి చేసినట్టే.

గీజర్‌ను రోజంతా ఆన్‌లో ఉంచితే? నీళ్లు చల్లారడం, థర్మోస్టాట్ మళ్లీ వేడి చేయడం.. ఇది సాగుతూనే ఉంటుంది. ఈ వృథా ఎంతో స్టార్ లేబుల్ మీదే ఉంటుంది. 24 గంటలు ఆన్‌లో ఉండి, బయటి కంటే నీళ్లు 45 డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉంటే ఎన్ని యూనిట్లు పోతాయో అందులో రాస్తారు. ఉదాహరణకు అక్కడ 0.4 అని ఉంటే నెలకు 12 యూనిట్లు గాలికి పోయినట్టే. ఎక్కువ స్టార్లు అంటే వృథా తక్కువ అని అర్థం. నీళ్లను వేడి చేయడానికి పట్టే యూనిట్లు మాత్రం 5 స్టార్ అయినా తగ్గవు. స్నానానికి 20 నిమిషాల ముందు వేసి, అందరూ వరుసగా స్నానాలు ముగించగానే ఆపేసే ఇంట్లో స్టార్ల తేడా పెద్దగా కనిపించదు. గంటల తరబడి ఆన్‌లో ఉంచే ఇంట్లో మాత్రం బాగా కనిపిస్తుంది.

నీళ్ల వృథా సంగతేంటి?

ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానే పడే సీమ ఇది. చాలా ఇళ్లలో ట్యాంకర్ నీళ్లు కొంటున్నారు. గీజర్ నుంచి కుళాయికి 10 మీటర్ల పైపు ఉంటే, వేడినీళ్లు వచ్చేలోపు లీటర్ నుంచి రెండు లీటర్ల చన్నీళ్లు కారిపోతాయి. స్నానం అయ్యాక అంతే వేడినీళ్లు పైపులో మిగిలి చల్లారిపోతాయి. నలుగురు వేర్వేరు టైముల్లో స్నానం చేస్తే రోజుకు నాలుగుసార్లు ఈ నష్టం. గీజర్‌ను బాత్రూమ్‌కు దగ్గరగా బిగించండి. మొదట వచ్చే చన్నీళ్లను కూడా బకెట్‌లోనే పట్టండి. ఎలాగూ వేడినీళ్లలో చన్నీళ్లు కలపాల్సిందే కదా!

ఉప్పు నీళ్లు గీజర్‌ను ఏం చేస్తాయి?

బోరు నీళ్లలో కరిగి ఉన్న కాల్షియం, మెగ్నీషియం వేడి తగలగానే తెల్లటి గారగా మారి కాయిల్‌కు అంటుకుంటాయి. రాడ్ మీద పట్టే తెల్ల పొర అదే. నీళ్లు 60 డిగ్రీలు దాటితే ఇది ఇంకా వేగంగా పడుతుంది.

గార పడితే కరెంట్ బిల్లు రెట్టింపవుతుందని అంటారు. నిజానికి కాయిల్ నీళ్లలోనే ఉంటుంది కాబట్టి ఆ వేడి చివరికి నీళ్లలోకే వెళ్తుంది. అసలు నష్టం వేరే ఉంది. పొర అడ్డుపడటంతో కాయిల్ లోలోపల విపరీతంగా వేడెక్కి కాలిపోతుంది. థర్మోస్టాట్ చుట్టూ గార పేరుకుంటే నీళ్ల వేడిని సరిగ్గా పట్టుకోలేదు. సేఫ్టీ వాల్వ్ మూసుకుపోతే ట్యాంకులో ప్రెషర్ పెరిగి ప్రమాదం.

ఏం చేయాలి?

- థర్మోస్టాట్ 50 నుంచి 55 డిగ్రీల మధ్య పెట్టండి. గార తగ్గుతుంది. పిల్లలకూ క్షేమం. 60 డిగ్రీల నీళ్లు కొన్ని సెకన్లలోనే చర్మాన్ని కాల్చేస్తాయి.
- ఏడాదికోసారి, చలికాలం ముందే, గీజర్ విప్పించి కాయిల్ శుభ్రం చేయించండి. ట్యాంక్ తుప్పు పట్టకుండా ఉండే మెగ్నీషియం రాడ్ అరిగిపోయిందేమో చూడమనండి. సేఫ్టీ వాల్వ్ పనిచేస్తోందో లేదో కూడా చూపించండి.
- హీటర్ రాడ్ అయితే ప్లగ్ తీసి, చల్లారాక, వెనిగర్ లేదా నిమ్మరసం కలిపిన నీళ్లలో కాసేపు ఉంచి కడగండి. కత్తితో గీకొద్దు. పై తొడుగుకు పగులు వస్తుంది.
- మంచినీళ్ల పైపు, బోరు పైపు రెండూ ఉన్న ఇంట్లో వీలైతే గీజర్‌కు మంచినీళ్లే ఇవ్వండి.

అనంతపురం ప్రాంతంలో చాలా ఊళ్ల బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉంది. నీళ్లు కాచినంత మాత్రాన ఫ్లోరైడ్ పోదు. ఆవిరైపోయిన కొద్దీ మిగిలిన నీళ్లలో దాని పాలు పెరుగుతుంది. గీజర్ నీళ్లను వంటకు, తాగడానికి వాడొద్దు.

ఎండిన నేలలో ఎర్తింగ్.. ఎవరూ పట్టించుకోని ముప్పు

రాడ్ అయినా గీజర్ అయినా, లోపల తేడా వస్తే కరెంట్‌ను భూమిలోకి పంపేది ఎర్తింగ్. నేల తడిగా ఉంటేనే అది బాగా పనిచేస్తుంది. ఎర్ర గరప నేలలు, రాళ్లు, నెలల తరబడి వాన లేకపోవడం.. ఇలాంటి చోట ఎర్త్ గుంత పూర్తిగా ఎండిపోతుంది. వైరు ఉంటుంది, మూడో పిన్ను ఉంటుంది, కానీ కరెంట్ భూమిలోకి దిగదు.

అందుకే ఎర్త్ గుంతలో తరచూ నీళ్లు పోయాలి. బట్టలు ఉతికిన నీళ్లైనా పర్వాలేదు. దానితో పాటు మెయిన్ బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించుకోవాలి. కరెంట్ మనిషి ఒంట్లోంచి భూమికి పోతోందని పసిగట్టగానే కన్నుమూసి తెరిచేలోపు ఇది సప్లై ఆపేస్తుంది. ఎర్తింగ్ బలహీనంగా ఉన్నా పనిచేస్తుంది. ఎంసీబీ ఈ పని చేయదు. అది ఓవర్‌లోడ్, షార్ట్ సర్క్యూట్‌కే. ఆర్‌సీసీబీ మీద ఉండే టెస్ట్ బటన్‌ను నెలకోసారి నొక్కి చూడండి. పడిపోతే బాగున్నట్టు.

గీజర్‌కు పెట్టే డబ్బులో కొంత తగ్గించుకునైనా ముందు దీన్ని కొనడం మేలు.

హీట్ పంప్, సోలార్ సంగతేంటి?

హీట్ పంప్ గీజర్ అంటే ఫ్రిజ్‌ను తిరగేసినట్టు. బయటి గాలిలోని వేడిని లాగి నీళ్లకు ఇస్తుంది. ఒక యూనిట్ కరెంట్‌కు సుమారు మూడు యూనిట్ల వేడి వస్తుంది. అనంతపురం లాంటి వేడి ఊళ్లకు ఇది బాగా సరిపోతుంది. కానీ ధర చాలా ఎక్కువ. రోజుకు నాలుగు బకెట్ల ఇంటికి గిట్టుబాటు కాదు. హాస్టళ్లు, హోటళ్లు, ఆస్పత్రులు, పెద్ద ఉమ్మడి కుటుంబాలు ఆలోచించొచ్చు.

ఇక ఎండ. ఉమ్మడి అనంతపురం జిల్లాలోని ఎన్‌పీ కుంటలో ఎన్టీపీసీ 250 మెగావాట్ల సోలార్ ప్లాంట్ పెట్టింది ఈ ఎండను చూసే. ఇప్పుడు ఆ ఊరు శ్రీసత్యసాయి జిల్లాలో ఉంది. అదే ఎండ మీ మేడ మీదా పడుతోంది. సోలార్ వాటర్ హీటర్ పెట్టుకుంటే ఏడాదిలో ఎక్కువ రోజులు కరెంట్ అక్కర్లేదు. మబ్బు పట్టిన రోజులకు లోపల చిన్న కాయిల్ ఉంటే చాలు. అయితే ఉప్పు నీళ్లకు సన్నటి రాగి గొట్టాలున్న మామూలు మోడల్ త్వరగా మూసుకుపోతుంది. గాజు గొట్టాల మోడల్ గానీ, హీట్ ఎక్స్‌ఛేంజర్ ఉన్నది గానీ అడగండి.

మరో దారి సోలార్ ప్యానెళ్లు. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో ఒక కిలోవాట్‌కు రూ.30 వేలు, 2 కిలోవాట్లకు రూ.60 వేలు, 3 కిలోవాట్లు ఆపైన రూ.78 వేల కేంద్ర సబ్సిడీ ప్రకటించారు. ఒక కిలోవాట్ ప్యానెల్ ఇక్కడి ఎండకు రోజుకు సుమారు 4 యూనిట్లు ఇస్తుంది. నాలుగు బకెట్ల వేడినీళ్లకు కావాల్సింది 1.7 యూనిట్లే. మిగిలింది ఫ్యాన్లకు, ఫ్రిజ్‌కు.

చివరగా.. మీ ఇంటికి ఏది?

- ఒకరిద్దరు, అద్దె ఇల్లు, నీళ్లు కొనుక్కునేవాళ్లు: ఐఎస్‌ఐ రాడ్, 16 ఆంపియర్ల సాకెట్, ఆర్‌సీసీబీ. ఈ మూడూ కలిస్తేనే.
- చిన్నపిల్లలు, వృద్ధులు ఉన్న ఇల్లు: రాడ్ వద్దు. 10 లేదా 15 లీటర్ల స్టోరేజ్ గీజర్, థర్మోస్టాట్ 50 డిగ్రీల మీద.
- వైరింగ్ బాగుండి, బకెట్ స్నానాలే చేసే ఇల్లు: 3 లీటర్ల ఇన్‌స్టంట్ గీజర్.
- సొంత మేడ ఉన్నవాళ్లు: ముందు సోలార్ గురించి ఆలోచించండి.

ఏది కొన్నా ఒక్కటి గుర్తుంచుకోండి. బిల్లు తగ్గించేది మెషీన్ కాదు. ఒక బకెట్ తక్కువ వేడి చేయడం, ఐదు డిగ్రీలు తక్కువ పెట్టడం, పని అవగానే స్విచ్ ఆపడం. ప్రాణం కాపాడేది మాత్రం ఎర్త్ గుంతలో పోసే రెండు బకెట్ల నీళ్లు, మెయిన్ బోర్డులో ఉండే ఆ చిన్న ఆర్‌సీసీబీ. ఈ చలికాలం గీజర్ స్విచ్ వేసే ముందు ఈ రెండూ ఉన్నాయో లేదో ఒక్కసారి చూసుకోండి.